బీచ్ నుంచి కనిపించే ఓడ ఏం చెబుతోంది?

[దృశ్యం: విశాఖ ఆర్కే బీచ్, దూరంగా ఆగి ఉన్న ఓడలు]

నమస్తే అండి! ఆర్కే బీచ్‌లో కూర్చుంటే దూరంగా కదలకుండా ఓడలు కనిపిస్తుంటాయి కదా. పోర్టులో బెర్త్, అంటే ఓడను కట్టి నిలిపే చోటు, ఖాళీ అయ్యేదాకా అవి లంగరు వేసుకుని ఆగుతాయి. ఆ చోటే యాంకరేజ్. బైనాక్యులర్స్‌తో చూస్తే ముందు భాగంలో నల్లటి గోళం ఒకటి వేలాడుతుంటుంది. ఈ ఓడ లంగరు మీద ఉందని పగటిపూట చెప్పే గుర్తు అది. కాకినాడ యాంకరేజ్ పోర్టులోనైతే ఓడ ఒడ్డుకే రాదు, బార్జీలనే సరుకు పడవలే బియ్యం మోసుకెళ్లి ఎక్కిస్తాయి.

[దృశ్యం: ఓడ పక్క భాగం దగ్గరగా. అంకెలు, అడ్డగీత ఉన్న వలయం]

ఓడ నీటిలో ఎంత లోతుకు దిగిందో అదే డ్రాఫ్ట్. ఈ అంకెలు చెప్పేది దాన్నే. అది పోర్టు లోతును మించితే అడుగు నేలకు తగులుతుంది.

ఈ వలయం పేరు ప్లిమ్‌సోల్ లైన్. ఎంత సరుకు ఎక్కించినా ఓడ ఇంతకు మించి నీటిలో దిగకూడదని చెప్పే హద్దు ఇది. 19వ శతాబ్దపు బ్రిటన్‌లో కొందరు యజమానులు ఓడల్లో పట్టనంత సరుకు కుక్కి పంపేవారు. ఓడ మునిగితే వాళ్లకు బీమా డబ్బు వచ్చేది, ప్రాణాలు పోయేది నావికులకు. శామ్యూల్ ప్లిమ్‌సోల్ అనే ఎంపీ పట్టుబట్టి పోరాడితే 1876లో ఈ గుర్తు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. నా దృష్టిలో ఓడ మీద ఇంతకంటే విలువైన గీత లేదు.

పక్కనున్న చిన్న గీతలూ ఇలాంటి హద్దులే. వాటిలో ఎస్ వేసవికి, డబ్ల్యూ చలికాలానికి, ఎఫ్ మంచినీటికి. ఉప్పునీటి కంటే మంచినీరు పలచన కాబట్టి, అదే సరుకుతో సముద్రం నుంచి నదిలోకి వెళ్తే ఓడ ఇంకాస్త కిందికి దిగుతుంది.

వేగాన్ని నాట్లలో చెబుతారు. గంటకు 1,852 మీటర్లు వెళ్తే ఒక నాట్.

[దృశ్యం: రాత్రి సముద్రం, ఎర్ర లైటు, పచ్చ లైటు]

ఓడ ముందు భాగం బో, వెనక భాగం స్టెర్న్. బో వైపు చూస్తూ నిలబడితే ఎడమ పక్క పోర్ట్, కుడి పక్క స్టార్‌బోర్డ్. మనం ఎటు తిరిగినా ఈ పేర్లు మారవు. తుఫానులో ఎవరి ఎడమ, ఎవరి కుడి అని అడిగే టైమ్ ఉండదు మరి.

రాత్రిపూట పోర్ట్ వైపు ఎర్ర లైటు, స్టార్‌బోర్డ్ వైపు పచ్చ లైటు వెలుగుతాయి. వేటకెళ్లే మన మత్స్యకార సోదరులు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. ఎర్ర లైటు ఒక్కటే కనిపిస్తే ఓడ మన ఎడమకు పోతున్నట్టు. పచ్చ ఒక్కటే అయితే కుడికి. రెండూ ఒకేసారి కనిపిస్తే నేరుగా మన మీదికే వస్తోంది. పెద్ద ఓడ ఆగడానికి కిలోమీటర్లు పడుతుంది. కాబట్టి దారి హక్కు ఎవరిదన్నది పక్కనపెట్టి, వెంటనే తప్పుకోండి.