సున్నా కేసుల ఊరు

నమస్కారం. గోదావరి డెల్టాలో పక్కపక్కనే రెండు పంచాయతీలు ఉన్నాయనుకుందాం. ఒకదాంట్లో ఏడాది మొత్తానికి ఒక్క క్షయ కేసూ నమోదు కాలేదు. రెండోదాంట్లో 5 నమోదయ్యాయి. ఏ ఊరు నయం? తొందరపడి చెప్పకండి. మొదటి ఊళ్లో ఎంతమందికి పరీక్ష చేశారో నేనింకా చెప్పలేదు.

టీబీ ముక్త్ పంచాయతీ గుర్తింపుకి కేంద్రం పెట్టిన షరతుల్లో రెండింటిని కలిపి చదవాలి. ఏడాదిలో కేసులు వెయ్యి జనాభాకి ఒకటి మించకూడదు. అదే వెయ్యిమందిలో కనీసం 30 మందికి పరీక్ష జరిగి ఉండాలి. ఈ రెండోది లేకపోతే, వల వెయ్యకుండానే చెరువులో చేపల్లేవన్నట్టు ఉంటుంది.

మండలం లెక్కకీ ఇదే చూపు కావాలి. ఊరికే ఉదాహరణకి, 60 వేల జనాభా ఉన్న మండలంలో నిరుడు వెయ్యిమందికి పరీక్ష చేస్తే 90 మందికి క్షయ తేలింది. అంటే లక్షకి 150. ఈ ఏడు 2 వేలమందికి చేస్తే 120 మంది దొరికారు, లక్షకి 200. జబ్బు పెరిగిందని గగ్గోలు పెట్టేముందు ఇంకో భాగహారం చెయ్యండి. పరీక్షించిన ప్రతి వందమందిలో దొరికినవాళ్లు 9 నుంచి 6కి దిగారు. పెరుగుదలలో చాలావరకు వెతుకులాటదే కావచ్చు. యంత్రం మారినా అంకె మారుతుంది. మైక్రోస్కోపులో క్రిమి కనపడాలంటే మిల్లీలీటరు కళ్లెలో 5 వేల నుంచి 10 వేల దాకా ఉండాలి. క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే సీబీనాట్ యంత్రానికి నూట ముప్పై చిల్లర చాలు.

ఇక లంక గ్రామం సంగతి. 2 వేల జనాభాలో నిరుడు 3 కేసులు, ఈసారి 6. రెట్టింపయినట్టే కనపడుతుంది. అంత చిన్న అంకెలు ఏ కారణమూ లేకుండానే అటూఇటూ ఊగుతాయి. మూడు నాలుగేళ్లవి కలిపి చూడందే ఏమీ తేల్చకూడదు. నెలవారీ గ్రాఫుతో ఇంకో చిక్కు. వరదకి పంట్లు (ఏరు దాటించే పడవలు) ఆగితే లంకల నుంచి కళ్లె డబ్బాలు ల్యాబుకి చేరవు, ఆ నెల గీత కిందికి వంగుతుంది. అమలాపురం పక్క ఊరి మనిషికి కాకినాడలో జబ్బు తేలి, చికిత్స అడ్రసు మార్చకపోతే, కేసు అక్కడే మిగిలి సొంత ఊరు శుభ్రంగా కనపడుతుంది.

ఇన్ని లెక్కలకీ మూలం ఆ చిన్న డబ్బా. అందులో పడ్డది ఉమ్మి అయితే పైన లెక్కంతా తప్పే. నీళ్లతో నోరు పుక్కిలించాలి. నలుగురికీ దూరంగా, ఆరుబయట నిలబడి రెండు మూడుసార్లు నిండుగా ఊపిరి పీల్చి, లోపల్నుంచి దగ్గి తియ్యాలి. చిక్కగా, జిగటగా, కనీసం 2 మిల్లీలీటర్లు ఉండాలి. పల్చగా నురగగా ఉంటే మళ్లీ ఇవ్వాల్సిందే. ఒకటి అక్కడికక్కడ, ఇంకోటి మర్నాడు నిద్రలేవగానే, మొత్తం రెండు. పేరు డబ్బా మీద రాయాలి. మూత మీద రాస్తే, మూతలు తీసి వరసగా పెట్టినప్పుడు ఎవరిది ఎవరిదో కలిసిపోతుంది. ఎండలో, బండి డిక్కీలో గంటల తరబడి ఉంచకూడదు.

కొబ్బరి పీచు మిల్లుల్లో, రైసు మిల్లుల్లో పనిచేసేవాళ్లు దగ్గుని దుమ్ము మీదికి నెట్టేస్తారు. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా పరీక్షకి రావలసిందే. ఊళ్లో ఇచ్చిన లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్‌తో నాలుగు రోజులు తెరిపి ఇచ్చిందంటే ఇంకా అనుమానించాలి. ఆ మందు క్షయ క్రిమిని కొంత అణచి, పరీక్షలో దొరక్కుండా చేస్తుంది.

దగ్గు లేనివాళ్లు ఇంకో తలనొప్పి. 2019–21 జాతీయ క్షయ సర్వేలో ఎక్స్‌రే తియ్యకపోయి ఉంటే 42.6 శాతం కేసులు చేజారేవి. అందుకే రోగి ఇంట్లోవాళ్లకీ, షుగరు ఉన్నవాళ్లకీ లక్షణాలు లేకపోయినా ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. రొయ్యల చెరువు గట్టు మీద రాత్రుళ్లు కాపలా పడుకునేవాళ్లు మధ్యాహ్నం జరిగే శిబిరాలకి రారు. వాళ్లకి ముందురోజు సాయంత్రమే డబ్బా ఇచ్చేసి, పొద్దున్నే గట్టు మీదికే వెళ్లి తెచ్చుకోవడం ఆశా కార్యకర్తలకి తేలికైన దారి.