వెనిస్‌ను నడిచి చూసుడు ఎట్ల: గోడల మీది పేర్లు, పోటు నీళ్ళు, మార్కో పోలో వాకిలి

తమ్ముడు: అందరికి నమస్తే. హన్మకొండ నుంచి మాట్లాడుతున్నం. ఇయ్యాల ముచ్చట వెనిస్ గురించి. మన దిక్కుకెల్లి యూరప్ టూర్ పోయేటోళ్ళు, అక్కడ చదువుకునే పిల్లల కాడికి పోయిన అమ్మానాయినలు, చానమంది వెనిస్‌ల ఒక్కపూట దిగి, నాలుగు ఫొటోలు తీసుకొని, ఎండల, మందిల అలిసిపోయి వస్తున్నరు. అక్కా, ఎక్కడ తప్పుతుందంటరు?

అక్క: అందరు ఒక్కటే తొవ్వ పట్టుడు కాడ తప్పుతది తమ్మీ. రైల్వే స్టేషన్ నుంచి రియాల్తో వంతెన, ఆడికెల్లి సాన్ మార్కో అనే పెద్ద మైదానం. ఆ గీత మీద జాతర లెక్క ఉంటది. అండ్లకెల్లి రెండు సందులు పక్కకు జరిగితే, మనుషుల అడుగుల చప్పుడు, నీళ్ళు గోడకు తాకే చప్పుడు, అంతే ఇనవడతది. అక్కడ కారు లేదు, బైక్ లేదు. సైకిల్ తొక్కుడే కాదు, చేతిల పట్టుకొని నడిపియ్యనీకి గూడ ఒప్పుకోరు. ఊరంత నడకకే కట్టింది. కాకపోతే గోడలు చదువుడు, నీళ్ళు చదువుడు రావాలె. ఆ రెండు వస్తే ఆ ఊరు నీ చేతికొస్తది.

తమ్ముడు: గోడల సంగతికి వస్తం. ముందుగాల సామాను సంగతి చెప్పుండ్రి.

అక్క: అదే మొదటి దెబ్బ. ఊరు 118 చిన్న దీవుల మీద ఉంది, వంతెనలు 400 పైన ఉన్నయి. కిందికెల్లి పడవలు పోవాలె గనుక వంతెనలు కమాను లెక్క పైకి లేచి ఉంటయి. అంటే ప్రతి వంతెనకు మెట్లు ఎక్కుడు, మెట్లు దిగుడు. 23 కిలోల సూట్‌కేస్‌కు చక్రాలుంటే ఏం లాభం, మెట్ల కాడ మొయ్యాలె గద. హోటల్ బుక్ చేసేటప్పుడు స్టేషన్ నుంచి ఎన్ని కిలోమీటర్లని కాదు, మధ్యల ఎన్ని వంతెనలని అడుగుండ్రి. ఒక్కపూటకే పోతే సామాను స్టేషన్‌ల దాచిపెట్టే జాగ ఉంటది, అండ్ల పెట్టి భుజం సంచితోని నడవాలె. చెప్పుల సంగతి గూడ పైలం. తొవ్వలకు పరిచిన బూడిద రంగు బండలు అడుగుకు పట్టునిస్తయి. కని వంతెన మెట్ల అంచులకు ఇస్ట్రియా తెల్లరాయి పెట్టిన్రు. తొక్కీ తొక్కీ అది అద్దం లెక్క నునుపైంది. వాన పడితే జారుడే.

తమ్ముడు: నీళ్ళల్లకు దిగే మెట్లు ఉంటయి గద, అక్కడ నిలబడి ఫొటోలు దిగుతరు.

అక్క: అక్కడికి పోనే వద్దు. పోటుకు మునిగి, పాటుకు తేలే మెట్లవి. వాటి మీద పచ్చటి నాచు పడతది. మన చెరువు మత్తడి మీద నాచు ఎంత జారుతదో మన పిల్లలకు ఎరుకే. పై మెట్టు ఎండినట్టే కనవడతది, రెండో మెట్టు మీద కాలు పెట్టంగనే నీళ్ళల్ల ఉంటరు.

తమ్ముడు: ఇప్పుడు గోడలు చదువుడు.

అక్క: ప్రతి మలుపు కాడ గోడ మీద తెల్లటి సున్నపు పలక, నల్లటి అంచు, అండ్ల పేరు ఉంటది. ముందు మాట చూడాలె. కాలే అంటే సందు. ఫొందమెంత అంటే కాలువ పొంటి నడిచే కట్ట, ఒక దిక్కు ఇండ్లు, ఒక దిక్కు నీళ్ళు. కాంపో అంటే ఇండ్ల నడుమ మైదానం. పియాజ్జా అని సాన్ మార్కో ఒక్కదాన్నే అంటరు. సోతోపొర్తెగో అంటే ఇంటి కిందికెల్లి పోయే దారి. కొందరు ఎవరింట్లకో పోతున్నమని ఆగుతరు, ఆగొద్దు, అది అందరు నడిచే తొవ్వే. కోర్తె అంటే వాకిలి, అక్కడ దారి మస్తుసార్లు మూసుకపోతది. రామో అంటే కొమ్మసందు, అది గూడ చానసార్లు నీళ్ళ కాడికి పోయి ఆగుతది.

తమ్ముడు: రియో అనేది గూడ చూసిన పేర్లల్ల.

అక్క: రియో అంటే కాలువ. గ్రాండ్ కెనాల్ అనే పెద్ద కాలువను, ఇంకో రెండింటిని మాత్రమే కనాల్ అంటరు, మిగిలినయన్ని రియోలే. ఇగ రియో తెరా అని ఉంటది, అంటే పూడ్చిన కాలువ. సందు ఒక్కపారి ఎడల్పయి, వంకర తిరుక్కుంట పోతుందంటే కింద ఒకప్పుడు నీళ్ళు పారినయన్నట్టు. ఆ మాట చదివినప్పుడల్ల నాకు మన నాలాలు యాదికొస్తయి. కాకతీయులు ఒక చెరువు మత్తడి ఇంకో చెరువుకు కలిపిన గొలుసుకట్టుల కాలువ పూడిస్తే, వానకాలం నీళ్ళు ఎటు పోవాలె? వాళ్ళు కనీసం ఆ పేరు గోడ మీద ఉంచిన్రు. ఇక్కడ నీళ్ళు పారేవని పోయేటోనికి తెలుస్తది.

తమ్ముడు: ఫోన్ల మ్యాప్ పెట్టుకుంటే సాలదా?

అక్క: ఇరుకు సందుల, నాలుగంతస్తుల గోడల నడుమ సిగ్నల్ గోడలకు తాకి వస్తది, చుక్క పక్క సందుల చూపెడతది. అక్కడ పక్క సందు అంటే నడుమ కాలువ ఉండొచ్చు, వంతెన దొరికేదాంక చుట్టు తిరగాలె. అడ్రస్ గూడ మన లెక్క ఉండదు. ఊరు ఆరు పేటలు: సాన్ మార్కో, కాస్తెల్లో, కన్నరెజియో, సాన్ పోలో, శాంతా క్రోచె, దొర్సొదూరో. ఇంటి నంబరు సందుకు కాదు, పేట మొత్తానికి వరుసగ వేసిన్రు, కాస్తెల్లోల ఆరు వేలు దాటుతది. హోటలోళ్ళు పేట పేరు, నంబరు ఇస్తే నువ్వు అది కనిపెట్టలేవు. సందు పేరు, దగ్గరున్న కాంపో పేరు అడిగి కాయితం మీద రాసుకోవాలె. పెద్ద తొవ్వలకు పసుపు పలకలుంటయి: పెర్ రియాల్తో, పెర్ సాన్ మార్కో, అల్లా ఫెర్రొవియా. ఆఖరిది రైల్వే స్టేషన్‌కు. దారి తప్పితే ఏదన్న పసుపు పలక దొరికేదాంక నడువు, తేటగైతది.

తమ్ముడు: ఇగ నీళ్ళు చదువుడు. పోటుకు మునుగుతదంటరు, సముద్రానికి అడ్డం గేట్లు కట్టిన్రు గద?

అక్క: కట్టిన్రు. ఊరు పులికాట్ లాంటి ఉప్పునీటి సరస్సు నడుమ ఉంది. సముద్రం ఆ సరస్సుల్లకు మూడు నోర్ల నుంచి వస్తది. ఆ మూడు కాడ 78 గేట్లు నీళ్ళ అడుగున పండి ఉంటయి. పెద్ద పోటు వస్తదంటే గాలి నింపి లేపుతరు. 2020 అక్టోబర్‌ల మొదటిసారి పనికి దింపిన్రు. కని ప్రతి పోటుకు లేపరు, సుమారు 110 సెంటీమీటర్లు వస్తదని అంచనా ఉంటెనే లేపుతరు. ఈ లెక్క సందుల నీళ్ళ లోతు కాదు, పాత సముద్ర మట్టం నుంచి కొలిచే ఎత్తు. సాన్ మార్కో అయితే ఊర్ల అన్నిటికంటె పల్లం జాగ, 80, 90 కాడనే తడుస్తది. ఆ నీళ్ళు గట్టు దుంకి రావు. బండల కింద ఉన్న మోరీలకెల్లి ఎనక్కి తన్నుకొని బుగ్గ లెక్క పైకి వస్తయి. గేట్లున్నయి గద అని బట్ట బూట్లు వేసుకొని పోయినోళ్ళకు అక్కడ దెబ్బ తాకుతది.

తమ్ముడు: ఎప్పుడెప్పుడు వస్తది?

అక్క: అక్టోబర్ నుంచి జనవరి దాంక ఎక్కువ. దక్షిణం నుంచి సిరొక్కో గాలి అద్రియాటిక్ సముద్రం నీళ్ళను మూలకు నెట్టుతది, దానికి అమాస పున్నాల పోటు తోడైతే పెరుగుతది. 1966 నవంబర్ 4న 194 సెంటీమీటర్లు వచ్చింది, 2019 నవంబర్ 12న 187. సుమారు ఆరు గంటలు ఎక్కుతది, ఆరు గంటలు దిగుతది. అందుకే రోజంత పాడైందనుకోవద్దు. పొద్దుగాల నీళ్ళుంటే ముందుగాల మెట్ట జాగలు చూసి, రెండు మూడు గంటలైనంక సాన్ మార్కో పోవాలె. నగరపాలక సంస్థ పోటు అంచనా రోజు చెప్తది, రాత్రే చూసుకోవాలె. నీళ్ళున్నప్పుడు చెక్క బల్లలు పరుస్తరు, వాటి మీద కుడి దిక్కు నడవాలె, ఫొటో కోసం ఆగొద్దు, ఎనక వందమంది ఆగిపోతరు.

తమ్ముడు: మంచిది. ఒక్కరోజు నడక చెప్పుండ్రి, పొద్దుగాల స్టేషన్ కాడ దిగినం అనుకుందాం.

అక్క: ఏడింటికల్ల దిగితే ఎంత మంచిదో. బయటికి రాంగనే ముంగట పెద్ద కాలువ. అందరు ఎడమకు తిరిగి అంగళ్ళ తొవ్వ పడతరు. నువ్వు ఆ ఎడమ పక్కనే ఉన్న స్కాల్సి వంతెన ఎక్కి ఆవలికి దాటు. పెద్ద కాలువ మీద ఉన్నయే నాలుగు వంతెనలు, అండ్ల ఇదొకటి. శాంతా క్రోచె పేటల్లకెల్లి సాన్ జాకొమో దెల్లోరియో మైదానం పోవాలె. చెట్లు, బల్లలు, గుడికి వచ్చే ముసలోళ్ళు, బడికి పోయే పిల్లలు, అసలు ఊరు అక్కడ కనవడతది. ఆడికెల్లి రియాల్తో బజారు. చేపల మార్కెట్ పొద్దుగాలనే, పగటాళ్ళకు ఎత్తేస్తరు, ఆదివారం, సోమవారం ఉండదు. ఏ చేప కనీసం ఎంత పొడుగుంటె అమ్మాలెనో సెంటీమీటర్లల్ల చెక్కిన పాత రాయి ఉంటది, గోడకు చూడు. చిన్న చేపను పట్టొద్దని రాతి మీద రాసిన్రంటే, ఆ నీళ్ళ మీద బతికేటోళ్ళకు అదెంత ముఖ్యమో తెలుస్తది. తర్వాత రియాల్తో వంతెన. 1591ల పూర్తైంది, ఒక్కటే కమాను, సుమారు 28 మీటర్లు. పైన నడుమ అంగళ్ళున్నయి, నీళ్ళు కనవడాలంటే రెండు పక్కల మెట్ల తొవ్వ పట్టాలె.

తమ్ముడు: వంతెన దిగినంక మన ఓరుగల్లోళ్ళు చూడాల్సిన జాగ ఒకటుందన్నరు.

అక్క: ఉంది, దాన్ని ఇడిచిపెట్టొద్దు. వంతెన దిగి సాన్ బర్తొలొమెయో మైదానం కాడ అందరు కుడికి, సాన్ మార్కో దిక్కు పోతరు. నువ్వు ఎడమకు పో. ఐదు నిమిషాలల్ల సాన్ జొవన్ని గ్రిజొస్తొమో గుడి వస్తది. దాని ఎనక సందుల్ల రెండు వాకిళ్ళు, కోర్తె ప్రిమా దెల్ మిలియొన్, కోర్తె సెకొందా దెల్ మిలియొన్. మార్కో పోలో కుటుంబం ఇల్లు ఆ జాగలనే ఉండేది. రెండో వాకిట్ల జంతువులు చెక్కిన పాత కమాను ఉంది. మన కీర్తితోరణం మీద హంసలు చూసిన కండ్లు అక్కడ ఆగుతయి.

తమ్ముడు: మార్కో పోలో రుద్రమదేవి గురించి రాసిండు గద.

అక్క: రాసిండు. ముత్‌ఫిలి అని రాసింది మన మోటుపల్లి రేవు పేరే. అక్కడ ఒక రాణి న్యాయంగ ఏలుతుందని, వజ్రాలు దొరుకుతయని, సాలెగూడు లెక్క సన్నటి బట్ట నేస్తరని చెప్పిండు. భర్త చనిపోయినంక ఏలుతుందని ఆయన అనుకున్నడు, అది పొరపాటు. ఆమె తండ్రి గణపతిదేవుని తర్వాత 1262ల గద్దెనెక్కింది. ఓరుగల్లు కోట 1323ల పడిపోయింది, మార్కో పోలో 1324ల వెనిస్‌ల చనిపోయిండు. మన నేతగాళ్ళ బట్ట ముచ్చట ఆ చిన్న వాకిలి దాంక పోయిందని తలుచుకుంటే, ఆ ఊరు పరాయిదనిపియ్యదు.

తమ్ముడు: అక్కడ మైదానాలల్ల నడుమ రాతి బావులు కనవడతయి, మూతలు పెట్టి. చుట్టు ఉప్పునీళ్ళైతే బావిల మంచినీళ్ళెట్ల?

అక్క: అది ఊట బావి కాదు, వాననీళ్ళ తొట్టి. మైదానం కింద పెద్ద గొయ్యి తవ్వి, ఉప్పునీళ్ళు లోపటికి రాకుంట బంకమట్టి మెత్తిన్రు. నిండ ఉసికె పోసిన్రు, నడుమ ఇటుక గొట్టం లేపిన్రు. బావి చుట్టు నేల మీద చిల్లుల రాళ్ళుంటయి, చూడు. మైదానం వాలు వాటి దిక్కే ఉంటది. వాన ఆ చిల్లుల్లకెల్లి దిగి, ఉసికెల వడపోసుకొని, అడుగుకెల్లి గొట్టంలకు చేరతది, చేదతోని తోడుకునేటోళ్ళు. కొన్ని బావులు మెట్ల గద్దె మీద ఎత్తుగ ఉంటయి, పోటు నీళ్ళు పడితే ఉసికె మొత్తం ఉప్పెక్కి పాడైతది గనుక. 1884ల పైపు నీళ్ళు వచ్చినంక వీటి పని అయిపోయింది. మన వేయిస్తంభాల గుడి కింద ఉసికె బరువు మోస్తది, వాళ్ళ మైదానం కింద ఉసికె నీళ్ళు వడపోస్తది. ఇప్పుడు దూపైతే బావి వెతకొద్దు, మైదానాలల్ల పారే నల్లాలుంటయి, మంచినీళ్ళే, సీసా నింపుకో.

తమ్ముడు: మోకాళ్ళ నొప్పులున్న పెద్దమనుషులు?

అక్క: వాళ్ళను అంత దూరం నడిపియ్యొద్దు. స్టేషన్ కాడ ఒకటో నంబరు వాపొరెత్తో, అంటే నీళ్ళ బస్సు, ఎక్కియ్యాలె. పెద్ద కాలువ మొత్తం కూసొని చూస్తరు. సాన్ మార్కో వల్లరెస్సో కాడ దిగితే ఒక్క వంతెన లేకుంట సాన్ మార్కో పియాజ్జాకు చేరతరు. టికెట్ 75 నిమిషాలకు 9 యూరోల 50 సెంట్లు, ఎక్కెటప్పుడే మిషన్‌కు తాకియ్యాలె, లేకుంటె జుర్మానా. గొందొలా పడవ మీద మోజుంటే త్రగెత్తో ఉంది, కాలువకు అడ్డంగ ఆవలి గట్టుకు దాటిస్తది, రెండు యూరోలు. శాంతా సోఫియా కాడికెల్లి చేపల బజారుకు పోతది. నోట్లు కాదు, చిల్లర పట్టుకోవాలె.

తమ్ముడు: మనోళ్ళు పులిహోర డబ్బా తీసుకపోతరు. ఏడ కూసొని తినాలె?

అక్క: వంతెన మెట్ల మీద, సాన్ మార్కోల కింద కూసొని తింటే జుర్మానా పడతది. ఇరుకు ఊరు, వంతెన మీద పదిమంది కూసుంటే తొవ్వ బంద్ అయితది. పావురాలకు గింజలు గూడ వెయ్యొద్దు. మైదానాలల్ల బల్లలుంటయి, అక్కడ తిని చెత్త ఎంబడి తెచ్చుకోండ్రి. గుడిలకు పోతే భుజాలు, మోకాళ్ళు కప్పాలె, చున్నీ ఒకటి సంచిల ఉండనియ్యి. బృందంగ పోయేటోళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలె: 2024 నుంచి గైడ్‌తోని 25 మందికంటె ఎక్కువ తిరగొద్దు, మైకులు వాడొద్దు. ఆ యేడే పగటిపూట వచ్చి పోయేటోళ్ళకు ప్రవేశ రుసుము గూడ పెట్టిన్రు, ఎంచుకున్న రోజులకే. 2025ల ముందుగాల కడితే 5 యూరోలు, ఆఖరి మూడు రోజులల్ల 10. రాత్రి ఉండేటోళ్ళకు మాఫీ, కాకపోతే ఆన్‌లైన్‌ల నమోదు చేసుకొని ఆ క్యూఆర్ కోడ్ ఫోన్‌ల పెట్టుకోవాలె. తేదీలు యేడాదికోలెక్క మారుతయి, బయలెల్లక ముందే చూసుకోండ్రి.

తమ్ముడు: మాపటికి రైలుకు ఎన్నింటికి తిరగాలె?

అక్క: సాన్ మార్కో నుంచి స్టేషన్ దాంక తెలిసినోనికి నలభై నిమిషాలు. నువ్వు గంటంబావు పెట్టుకో, సందులల్ల మంది ఎదురొస్తరు, ఒక్క మలుపు తప్పినా కాలువ చుట్టు తిరగాలె. రియాల్తో దాంక పసుపు పలకలు, ఆ తర్వాత అల్లా ఫెర్రొవియా. మెట్ల కాడ చేతి గోడ పట్టుకొని దిగుండ్రి.