మన వైజాగ్ గూడ్స్ ఇంజన్లకు వయసైపోయాక ఏం జరుగుతుంది?

(తెర మీద: పొగగొట్టానికి టార్పాలిన్ కట్టేసిన పాత డీజిల్ ఇంజన్)

నమస్తే అండీ. ఈ ఇంజన్ పైకప్పు మీద పొగగొట్టం మూతికి టార్పాలిన్ కట్టి ఉంది, చూశారా? దుమ్ము పడకుండా కట్టారనుకుంటాం. అసలు భయం వాన గురించి. ఆ గొట్టంలో పడిన నీళ్లు టర్బో (పొగ ఊపుతో ఇంజన్‌లోకి గాలి నెట్టే పరికరం) లోంచి దిగి మెల్లగా సిలిండర్‌లోకి చేరతాయి. గాలిని నొక్కితే కుదించుకుంటుంది, నీళ్లు కుదించుకోవు. ఆరు నెలల తర్వాత ఎవరో వచ్చి, లోపల నీళ్లున్న సంగతి తెలియక స్టార్ట్ బటన్ నొక్కితే పిస్టన్ పైకొచ్చి ఆ నీళ్లను గుద్దుతుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఒక్క టార్పాలిన్ ముక్క కట్టకపోయినందుకు పదహారు సిలిండర్ల ఇంజన్ పాడైపోతుంది.

నేను కంచరపాలెంలో పెరిగాను. రాత్రిపూట యార్డులో నిలబడ్డ డీజిల్ ఇంజన్ల చప్పుడు వింటూ నిద్రపోయిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి. ఆ చప్పుడు తగ్గిపోతోంది. అందుకే ఈ వీడియో. గూడ్స్ బండ్లు లాగిన ఇంజన్లను పక్కన పెట్టడం, విప్పి మళ్లీ కట్టడం, చివరికి స్క్రాప్‌కి పంపడం, ఈ మూడింటినీ నిర్ణయించేది వయసు ఒక్కటే కాదని మీకు చూపిద్దామని. వయసు కంటే పెద్ద ప్రశ్న ఒకటుంది: ఆ ఇంజన్‌కి సామాను దొరుకుతుందా?

ముందు పక్కన పెట్టడం గురించి చెబుతా, ఎందుకంటే దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మామూలు బైక్‌ని రెండు నెలలు కదపకపోతే బ్యాటరీ దిగిపోతుంది కదా, ఇక్కడ బండి బరువు 112.8 టన్నులు. పైగా మనది సముద్రం పక్క ఊరు, గాలిలో ఉప్పు, తేమ. కొన్నాళ్లపాటు నిలబెట్టాలంటే బ్యాటరీలు విడదీయాలి, ఎక్కువ కాలమైతే కూలింగ్ నీళ్లు దించెయ్యాలి. క్రాంక్‌షాఫ్ట్‌ని, అంటే పిస్టన్లు తిప్పే పెద్ద ఇరుసుని, అప్పుడప్పుడూ చేత్తో, అంటే పెద్ద కడ్డీ పెట్టి కొంచెం కొంచెంగా తిప్పాలి, దీన్ని బారింగ్ అంటారు. తిప్పకపోతే ఆయిల్ పొర కిందికి జారిపోయి బేరింగులూ లైనర్లూ ఒకేచోట తుప్పు తింటాయి. చక్రాలకు కరెంటు మోటార్లుంటాయి (డీజిల్ ఇంజన్‌లో కూడా చక్రాలు తిప్పేది కరెంటు మోటార్లే, డీజిల్ పని కరెంటు పుట్టించడం వరకే), వాటి కార్బన్ బ్రష్‌లు కమ్యుటేటర్ (మోటారులో తిరుగుతూ కరెంటు అందుకునే రాగి భాగం) మీద ఒకేచోట ఆనుకుని ఉండిపోతే ఈ తేమకి అక్కడ మచ్చపడుతుంది, మళ్లీ తిరిగినప్పుడు నిప్పులు చిమ్ముతుంది. అందుకే బ్రష్‌లు ఎత్తిపెడతారు. కుదిరినప్పుడల్లా బండిని నాలుగడుగులు ముందుకీ వెనక్కీ జరిపిస్తారు, చక్రాల బేరింగులు ఒకే భంగిమలో ఉండిపోకుండా.

బ్రేకుల సంగతి కూడా వినండి. ఆగిపోయిన ఇంజన్‌లో కంప్రెసర్ తిరగదు కాబట్టి బ్రేకు గాలి మెల్లగా కారిపోతుంది. గాలి పోయాక బ్రేకు లేనట్టే. హ్యాండ్ బ్రేకు బిగించి, చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టి, గొలుసు వేసి తీరాలి. యార్డులో కాస్త వాలు ఉందంటే 112 టన్నుల బండి దానంతటదే బయల్దేరుతుంది, దాన్ని చేత్తో ఆపగలిగే మనిషి లేడు.

ఇంత శ్రమ పడి ఎందుకు నిలబెట్టడం, అమ్మేయొచ్చు కదా అని అడుగుతారు. 2014 అక్టోబర్ 12 గుర్తుందా? హుద్‌హుద్ వచ్చిన రోజు. మన ఊళ్లో కరెంటు స్తంభాలు ఎలా పడుకున్నాయో కళ్లారా చూశాం. రైలు పట్టాల మీది 25,000 వోల్టుల తీగ కూడా తీగే, అది తెగితే కరెంటు ఇంజన్ ఎంత కొత్తదైనా కదలదు. డీజిల్ ఇంజన్‌కి పైన తీగ ఉన్నా లేకపోయినా ఒకటే. దాదాపు బ్రాడ్‌గేజ్ అంతా తీగ కిందికి వచ్చేసిన ఈ రోజుల్లో కూడా రైల్వే కొన్ని డీజిల్ ఇంజన్లను చేతిలో ఉంచుకునేది ఇలాంటి రోజుల కోసమే. తూర్పు తీరంలో ఉన్న మనకు ఇది ఇంకా ఎక్కువ అవసరమని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు తిరిగి కట్టడం గురించి.

(తెర మీద: పాత డబ్ల్యూడీఎం-2 ఫోటో)

పేరులో అక్షరాలు ఒక్క నిమిషంలో చెప్పేస్తా. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్. డీ అంటే డీజిల్, ఏ అంటే ఏసీ కరెంటు. జీ అంటే గూడ్స్, ఎం అంటే రెండు రకాల బండ్లూ లాగేది. అంతే.

డబ్ల్యూడీఎం-2 అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైన్. 2,600 హార్స్‌పవర్. మొదటివి 1962లో ఓడల్లో వచ్చాయి, 1964 నుంచి వారణాసి కార్ఖానాలో మనవాళ్లే కట్టడం మొదలుపెట్టారు. ఇక్కడ జరిగింది నాకు భలే ఆశ్చర్యంగా ఉంటుంది. 1969లో ఆల్కో రైలింజన్ల తయారీ ఆపేసింది. పుట్టిల్లు మూతపడింది. అయినా ఇక్కడ వారణాసిలో ఆ కుటుంబం ఇంకా నలభై ఏళ్లకు పైగా పెరుగుతూనే ఉంది, ఒక్క డబ్ల్యూడీఎం-2 రకమే రెండున్నర వేలు దాటింది. ఎందుకంటే డ్రాయింగులు మన దగ్గరున్నాయి, పిస్టన్ దగ్గర్నుంచి గ్యాస్కెట్ దాకా పోతపోసే వాళ్లు, లేత్ పట్టే వాళ్లు, కొలతలు చూసే వాళ్లు మన దేశంలో తయారయ్యారు. వాల్తేరు డీజిల్ షెడ్‌తో సహా దేశంలో ఎన్నో షెడ్లలో ఆ ఇంజన్‌ని కళ్లు మూసుకుని విప్పగలిగే ఫిట్టర్లు ఒక తరం తర్వాత ఒక తరం వచ్చారు.

డీజిల్ ఇంజన్‌కి రైల్వే లెక్కలో ఆయుష్షు 36 ఏళ్లు, దాన్ని కోడల్ లైఫ్ అంటారు. సగం వయసులో, అంటే 18 ఏళ్ల దగ్గర, దాన్ని పంజాబ్‌లోని పటియాలా కార్ఖానాకు పంపేవాళ్లు. అక్కడ రంగులేసి పంపుతారనుకోకండి. మొత్తం విప్పేసి అడుగు చట్రం దాకా తెస్తారు. చట్రంలో, ఇంజన్ బ్లాకులో పగుళ్లు వెతుకుతారు. పాత వైరింగ్ అంతా పీకేస్తారు, ఎందుకంటే ముసలి ఇంజన్లో ముందు చచ్చేది ఇనుము కాదు, వైరు మీది తొడుగు. వేడికి, నూనెకి పెళుసెక్కి ముట్టుకుంటే రాలిపోతుంది, ఎక్కడ షార్టయిందో వెతకలేక షెడ్డు వాళ్లకు తల ప్రాణం తోకకొస్తుంది. తర్వాత పాత డీసీ జనరేటర్ తీసేసి ఆల్టర్నేటర్ పెడతారు, మెరుగైన టర్బో, మైక్రోప్రాసెసర్ కంట్రోల్ వస్తాయి. లోపలికి 2,600 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-2 వెళ్తే, బయటికి 3,100 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-3ఏ వస్తుంది. ముసలివాడు ఆసుపత్రికి వెళ్లి కుర్రవాడిగా తిరిగి రావడం మనుషుల్లో జరగదు, ఇంజన్లలో జరిగింది, వందల సంఖ్యలో.

ఇక దీనికి పూర్తిగా తిరగబడిన కథ మన ఊరిదే. ఇది చెప్పడానికే నేను ఈ వీడియో మొదలుపెట్టాను నిజానికి.

(తెర మీద: కొత్తవలస–కిరండూల్ మార్గం మ్యాప్)

కేకే లైన్ మనందరికీ అరకు అద్దాల పెట్టెగా, బొర్రా గుహలుగా తెలుసు. కానీ ఆ లైన్ వేసింది మనం కిటికీలోంచి ఫోటోలు తీసుకోవడానికి కాదు. 1960ల్లో జపాన్ సహకారంతో, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని మన పోర్టుకు దించడానికి వేశారు. 58 సొరంగాలు. సిమిలిగుడ స్టేషన్ దాదాపు 997 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కణ్ణుంచి ఖనిజం నింపిన బండి సముద్రమట్టానికి దిగాలి. ఎక్కించడం కష్టమే, దించడం ఇంకా కష్టం, అన్ని వేల టన్నులు వెనకనుంచి తోస్తుంటే పట్టి ఉంచాలి.

1980ల మొదట్లో ఆ లైన్‌కి కరెంటు తీగ వచ్చింది. అప్పటి గూడ్స్ ఇంజన్లతో ఒక్కో బండికి రెండు మూడు కట్టాల్సి వచ్చేది. బలమైన ఇంజన్ కావాలని 1987–88 ప్రాంతంలో 18 ఇంజన్లు విదేశాల నుంచి తెప్పించారు. పేరు డబ్ల్యూఏజీ-6. ఆరు స్వీడన్‌లోని ఏఎస్ఈఏ (ASEA) కంపెనీవి, వాటిని 6ఏ అన్నారు. పన్నెండు జపాన్ హిటాచీవి, వాటిలో ఆరు 6బీ, ఆరు 6సీ. ఒక్కోటీ సుమారు 6,000 హార్స్‌పవర్, థైరిస్టర్ కంట్రోల్, అంటే ఎలక్ట్రానిక్ స్విచ్‌లతో కరెంటును అదుపుచేసే పద్ధతి. ఆ రోజుల్లో దేశంలో దాదాపు అన్ని గూడ్స్ ఇంజన్ల కంటే ఎంతో ముందున్నవి, పద్దెనిమిదీ మన విశాఖపట్నం షెడ్‌వే. దేశంలో ఇంకెక్కడా లేవు.

ఇంకెక్కడా లేకపోవడం, అదే వాటికి ముప్పయింది.

ఆలోచించండి, పద్దెనిమిది ఇంజన్లు, మూడు రకాలు. 6ఏలో ఒక ఎలక్ట్రానిక్ కార్డు కాలిపోతే 6బీ లోంచి తీసి పెట్టడం కుదరదు. ఆరు ఇంజన్ల కోసం ఏ కంపెనీ విడిభాగాలు పోతపోస్తుంది? సామాను రాక ఒకటి ఆగుతుంది, మిగతా ఐదింటిని నడపడానికి ఆ ఆగినదాంట్లోంచి ఒక్కో ముక్కా తీస్తారు, అది ఇక ఎప్పటికీ కదలదు, తర్వాత ఇంకోటి ఆగుతుంది. కరెంటు ఇంజన్ కోడల్ లైఫ్ 35 ఏళ్లు, ఇవి అది నిండకుండానే పని మానేశాయి. మరోపక్క 1984 నుంచి వచ్చిన డబ్ల్యూఏజీ-5 చూడండి, 3,850 హార్స్‌పవరే, టెక్నాలజీ కూడా పాతది. కానీ దాదాపు 1,200 కట్టారు. దాని మోటారు, ట్యాప్ ఛేంజర్ (వోల్టేజీని మెట్టుమెట్టుగా మార్చేది), రిలే, ఏది పోయినా ఏదో ఒక షెడ్డులో దొరికేది. అందుకే తనకంటే బలమైన, తనకంటే కొత్తదైన చుట్టాన్ని సాగనంపి మరీ పనిచేసింది, ఇప్పుడిప్పుడే అదీ వరసపెట్టి రిటైరవుతోంది.

వేల కుటుంబం ఉన్న ఇంజన్ పుట్టిల్లు మూతపడినా బతికింది, పద్దెనిమిదిమందితో వచ్చినది మంచి కంపెనీల్లో పుట్టి కూడా ఒంటరిదైపోయింది. కొత్త ఇంజన్ కొనేటప్పుడు ఎంత బలం, ఎంత స్పీడు అని అడిగినంత గట్టిగా, ఇరవై ఏళ్ల తర్వాత దీని సామాను ఎక్కడ చేస్తారు అని అడగాలి. ఇప్పుడు వస్తున్న 12,000 హార్స్‌పవర్ డబ్ల్యూఏజీ-12 ఇంజన్లను ఆల్‌స్టామ్ బీహార్‌లోని మాధేపురాలోనే కడుతోంది, 800 కట్టడానికి ఒప్పందం. ఆ సంఖ్య చూసి నాకు ధైర్యంగా ఉంది.

సామాను ఉన్నా, ఆరోగ్యం ఉన్నా పని పోయినవి కూడా ఉన్నాయి. లైన్లన్నీ తీగ కిందికి రాగానే పదిహేను ఇరవయ్యేళ్ల డీజిల్ గూడ్స్ ఇంజన్లకు కూడా డ్యూటీ లేకుండా పోయింది. కొన్ని ఇంజన్లు బంగ్లాదేశ్ వెళ్లాయి, 2020 జులైలో పది, 2023 మేలో ఇరవై. వారణాసిలో ఇంకో ప్రయోగం చేశారు: రెండు డబ్ల్యూడీజీ-3ఏ డీజిళ్లను విప్పి, జత కలిపి, 69 రోజుల్లో 10,000 హార్స్‌పవర్ కరెంటు ఇంజన్‌గా మార్చారు, 2019 ఫిబ్రవరి 19న ప్రధాని జెండా ఊపారు. ఆ పని చేసిన వాళ్ల నైపుణ్యానికి దండం పెట్టాలి. కానీ అలా మార్చినవి చాలా కొద్ది. అడుగు చట్రం తప్ప దాదాపు అన్నీ కొత్తవి పెట్టాల్సినప్పుడు, మళ్లీ అది కూడా డబ్ల్యూఏజీ-6 లాగా చిన్న కుటుంబమే అవుతుంది కదా. కొత్త ఇంజన్ కట్టడమే మేలనిపిస్తుంది నాకైతే.

చివరి మెట్టు కండెమ్ చెయ్యడం. ఏ ఒక్కరో నిర్ణయించరు, అధికారులు పరీక్ష చేసి, ఇక బాగు చేయించడం గిట్టుబాటు కాదని రాసి, పుస్తకాల్లోంచి నంబరు తీసేస్తారు. పనికొచ్చే మోటార్లు, కంప్రెసర్లు, చక్రాలు ఊడదీసి స్టోర్స్‌కి ఇస్తారు. నూనెలు దించుతారు, బ్యాటరీల్లో సీసం ఉంటుంది కాబట్టి అవి వేరే దారిన వెళ్తాయి. మిగిలిన డొక్కును ఆన్‌లైన్ వేలంలో పెడతారు. పాడుకున్నవాళ్లు గ్యాస్ కట్టర్లతో వచ్చి, అక్కడే కోసి, లారీల్లో వేసుకుని పోతారు. ఆ ఉక్కు కొలిమిలో కరిగి మళ్లీ ఏదో అవుతుంది. కోయడం చూడాలంటే గుండె గట్టి చేసుకోవాలి, క్యాబ్ ముక్క విడిపడి కింద పడ్డప్పుడు లోపల లోకో పైలట్ కూర్చునే సీటు ఇంకా ఉంటుంది. అన్నీ కోతకే పోవు, అమెరికా నుంచి వచ్చిన మొట్టమొదటి డబ్ల్యూడీఎం-2, నంబరు 18040, ఢిల్లీ రైల్వే మ్యూజియంలో ఉంది.

మర్రిపాలెం వైపో, గోపాలపట్నం వైపో పట్టాల పక్కనుంచి వెళ్లినప్పుడు నిలబడి ఉన్న ఇంజన్‌ని ఈసారి చక్రం దగ్గర చూడండి. పట్టాకి ఆనే భాగం అద్దంలా మెరుస్తుంటే అది నిన్నో మొన్నో తిరిగింది. గోధుమరంగు తుప్పు పట్టిందంటే కొన్నాళ్లుగా కదల్లేదు. పొగగొట్టానికి మూత ఉంటే మళ్లీ వాడదామని దాచారు. మూత లేదు, హెడ్‌లైట్ లేదు, పక్క తలుపులు తెరిచి లోపల ఖాళీగా ఉంది అంటే దాని సామాను వేరేవాటికి వెళ్లిపోయింది. దూరంనుంచే చూడండి, పట్టాలు దాటొద్దు.

ఇంకో మాట. డబ్ల్యూఏజీ-6ల మీద పనిచేసిన ఫిట్టర్లు, కేకే లైన్‌లో వాటిని నడిపిన లోకో పైలట్లు మన ఊళ్లోనే రిటైరై ఉన్నారు. మీ నాన్నగారో, మావయ్యగారో ఆ పని చేసి ఉంటే, ఘాట్ దిగేటప్పుడు బ్రేకు ఎలా పట్టేవారో ఫోన్‌లో రికార్డు చేసి నాకు పంపండి, వాళ్లు ఒప్పుకుంటేనే. తర్వాతి వీడియో పూర్తిగా వాళ్ల గొంతులతోనే చేస్తాను.