ఎంత దురదృష్టం వెంటాడినా తప్పని జవాబు

శ్రోతలకు నమస్కారం.

విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతరలో కొన్న గాజులు ఒక పెట్టెలో కలగాపులగంగా ఉన్నాయని అనుకుందాం. ఎరుపు పది, ఆకుపచ్చ పది, పసుపు పది, అన్నీ ఒకే కొలతవి. కరెంటు పోయింది. చీకట్లో చెయ్యి పెట్టి ఎన్ని గాజులు తీస్తే వాటిలో ఒకే రంగువి నాలుగు తప్పనిసరిగా ఉంటాయి?

నాలుగు తీస్తే చాలునని కొందరు అంటారు. అదృష్టం కలిసివస్తే నిజమే, కాని ఈ లెక్కలో అదృష్టానికి చోటు లేదు. ఇలాంటి చిక్కుప్రశ్న ఎదురైనప్పుడు, మనకు ఏ మేలూ జరగనివ్వకూడదని కంకణం కట్టుకున్న మనిషి ఒకడు ఆ పెట్టె పక్కనే కూర్చుని, మన చేతికి ఏ గాజు రావాలో తానే నిర్ణయిస్తున్నాడని ఊహించుకోవాలి. అతడు ఎంతసేపు మనల్ని ఆపగలడు? మూడు ఎరుపు, మూడు ఆకుపచ్చ, మూడు పసుపు ఇచ్చి, తొమ్మిది గాజుల వరకు ఆపగలడు. పదోది ఏ రంగుదైనా, ఆ రంగులో నాలుగోది అవుతుంది. కాబట్టి జవాబు పది.

ఈ జవాబులో రెండు భాగాలున్నాయి. తొమ్మిది చాలవనడానికి ఒక్క ఉదాహరణ చూపితే సరిపోతుంది. పది చాలుననడానికి మాత్రం ఏ ఉదాహరణా సరిపోదు. తప్పించుకునే దారి ఒక్కటి కూడా లేదని చూపాలి. మొదటి భాగం చెప్పి రెండోదాన్ని గాలికి వదిలేసేవారే ఎక్కువ.

ఇప్పుడు గాజుల సంఖ్య మారుద్దాం. ఎరుపు ఇరవై, ఆకుపచ్చ మూడు, పసుపు రెండే ఉన్నాయి. పాత లెక్క బట్టీపట్టినవారు మళ్లీ పదే అంటారు. కాని మన ప్రత్యర్థి దగ్గర పసుపు గాజులు రెండే ఉన్నాయి. మూడోది ఇవ్వాలన్నా ఇవ్వలేడు. మూడు, మూడు, రెండు కలిపి ఎనిమిదితో అతడి సరుకు అయిపోతుంది. తొమ్మిదో గాజు ఎరుపే కావాలి, అది నాలుగో ఎరుపు. కీడు జరగడానికైనా తగినంత సరంజామా ఉండాలి మరి! అదే పెట్టెలోంచి ఒక్క ఆకుపచ్చ గాజు ఖాయంగా కావాలంటే మాత్రం, ఎరుపు, పసుపు మొత్తం ఇరవై రెండూ బయటికి వచ్చాక, ఇరవై మూడోదాని దాకా ఓపిక పట్టవలసిందే.

ఈ ఆలోచనను 19వ శతాబ్దపు జర్మన్ గణితవేత్త డిరిష్లే లోతైన గణిత సమస్యలకు వాడాడు. గూళ్లకన్నా పావురాలు ఎక్కువైతే ఏదో ఒక గూటిలో రెండు చేరక తప్పదన్న సూత్రంగా విద్యార్థులు దీనిని నేర్చుకుంటారు. రథసప్తమి నాడు అరసవల్లి సూర్యదేవాలయం ముందు బారులు తీరిన భక్తుల్లో ఏ 367 మందిని తీసుకున్నా, వారిలో ఇద్దరి పుట్టినరోజు ఒకే తేదీన పడుతుంది. ఫిబ్రవరి 29తో కలిపి లెక్కించినా, సంవత్సరంలో ఉన్నవి 366 తేదీలే.

పది గదులు, పది తాళాలు, గుర్తులు చెరిగిపోయిన పది తాళంచెవులు ఉన్న బడి సంగతి కూడా ఇలాంటిదే. ఏ చెవి దేనిదో తెలుసుకోవడానికి నూరు ప్రయత్నాలు అక్కరలేదు. మొదటి చెవి తొమ్మిది తాళాలకు పట్టకపోతే పదోది దానిదే. ఇక పరీక్షించే పనిలేదు. ఆ తరువాతి చెవికి ఎనిమిది, దాని తరువాతి దానికి ఏడు, ఇలా కూడితే ఎంత చెడ్డగా నడిచినా నలభై అయిదుతో తేలిపోతుంది. ప్రతి తాళాన్నీ తీసి చూపాలన్నది షరతు అయితే యాభై అయిదు అవుతుంది. ప్రశ్నను సగం విని లెక్క మొదలుపెట్టేవారు ఇక్కడే చిక్కుకుంటారు.

పలాస నుంచి తొమ్మిది జీడిపప్పు డబ్బాలు వచ్చాయనుకోండి. ఒక దానిలో మాత్రం తూకం తగ్గింది. రాళ్లు లేని త్రాసు ఉంది. ఆ డబ్బా ఏదో ఖాయంగా తేలాలంటే కనీసం ఎన్ని తూకాలు కావాలి? నాలుగు ఇటు, నాలుగు అటు పెట్టి, ఒకటి బయట ఉంచాలని చాలామందికి అనిపిస్తుంది. ముల్లు మధ్యలో నిలిస్తే ఒక్క తూకంతోనే దొంగ డబ్బా దొరుకుతుంది కదా. ఆ ఆశే ముంచుతుంది. ప్రత్యర్థి ముల్లును ఎందుకు నిలవనిస్తాడు? ఒక పక్కకు వాల్చి నాలుగు డబ్బాలు మన నెత్తిన పెడతాడు, వాటికి ఇంకా రెండు తూకాలు కావాలి. మూడేసి చొప్పున విడదీస్తే, త్రాసు ఏమి చూపినా మిగిలేవి మూడే. రెండో తూకంతో పని పూర్తవుతుంది. డబ్బాలు పదయితే ఎంతటి తెలివైనవాడికైనా రెండు తూకాలు చాలవు. ఒక్కో తూకానికి మూడే ఫలితాలు కనుక రెండింటికీ కలిపి తొమ్మిదే; పది డబ్బాలను తొమ్మిది ఫలితాలతో వేరుచేయలేం.

ఇప్పుడు పన్నెండు డబ్బాలు. ఒకటి తేడా, అది తక్కువో ఎక్కువో తెలియదు. మూడు తూకాల్లో తేల్చాలి. డబ్బాకు రెండేసి చొప్పున ఇరవై నాలుగు అవకాశాలు. మూడు తూకాలకు ఫలితాలు ఇరవై ఏడు. చోటు ఉంది, కాని ఇరుకుగా ఉంది. మొదటి తూకం తరువాత మిగిలే రెండింటికి తొమ్మిదికి మించి అవకాశాలు అప్పగించకూడదు. అయిదేసి పెడితే, ముల్లు వాలినప్పుడు పది మిగులుతాయి. మూడేసి పెడితే, ముల్లు నిలిచినప్పుడు బయటి ఆరు డబ్బాలకు పన్నెండు మిగులుతాయి. నాలుగేసి పెడితే ఎటు చూసినా ఎనిమిదే. ఒక్క డబ్బా చేత్తో ఎత్తకముందే మొదటి తూకం ఎలా ఉండాలో తేలిపోయింది. మిగతా రెండు తూకాలు మీకే వదిలిపెడుతున్నాను.

నమస్కారం.