నోటిలెక్కల పోటీలో చిత్తు లెక్క వేయడం తప్పా? నెల్లూరు స్టూడియో చర్చ పూర్తి పాఠం

(6 నుంచి 8 తరగతుల విద్యార్థులకు ఇటీవల జిల్లాలో నిర్వహించిన నోటిలెక్కల పోటీలో, జవాబుపత్రం అంచున పెన్సిల్‌తో చిన్న అంకెలు వేసుకుందన్న కారణంతో ఒక ప్రభుత్వ పాఠశాల విద్యార్థిని జవాబులు కొన్నింటిని రద్దు చేశారు. దానిపై తల్లిదండ్రులు అభ్యంతరం తెలిపిన నేపథ్యంలో జరిగిన చర్చ ఇది. ఒకరి మాటకు మరొకరు అడ్డుపడిన చోట్లను సరిదిద్దకుండా అలాగే ఉంచాం. ఎవరికి ఎంత సమయం దక్కిందో కూడా పాఠకులకు తెలియాలన్నదే మా ఉద్దేశం.)

సంచాలకుడు: అందరికీ నమస్కారం. ఈ రోజు మనతో నోటిలెక్కల శిక్షణ కేంద్రం నడుపుతున్న శిక్షకుడు, ఆత్మకూరు ప్రాంతంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాల గణిత ఉపాధ్యాయిని, కావలిలో చాలాకాలం డిగ్రీ విద్యార్థులకు గణితం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఆచార్యులు, ఆ విద్యార్థిని తండ్రి అయిన కోవూరు ప్రాంత రైతు ఉన్నారు. అందరికీ సమానంగా సమయం ఇస్తానని ముందే మాట ఇస్తున్నాను. శిక్షకులు గారూ, మీతోనే మొదలుపెడతాను. వేదకాలం నుంచి మనకు వారసత్వంగా వచ్చిన గణితాన్ని బడిలో నేర్పకపోవడం వల్లనే కదా ఈ వివాదం తలెత్తింది?

శిక్షకుడు: నూటికి నూరు పాళ్లు అంతేనండీ. చిత్తు లెక్క వేయకూడదన్న నియమం ముందే ప్రకటించారు, పత్రం మీద ముద్రించారు, పోటీకి ముందు చదివి వినిపించారు. నియమం తెలిసి కూర్చున్న తరువాత దానిని తప్పుపట్టడం న్యాయం కాదు. అమెరికాలోని టెక్సాస్‌లో బడిపిల్లలకు నంబర్ సెన్స్ అనే పోటీ పెడతారు. అందులో 10 నిమిషాల్లో 80 ప్రశ్నలు చేయాలి, అంటే ఒక్కో ప్రశ్నకు ఏడున్నర సెకన్లు. చిత్తు లెక్క వేయకూడదు, రాసిన అంకెను చెరపకూడదు, దాని మీద మళ్లీ దిద్దకూడదు. మన పోటీని ఆ నమూనాలోనే పెట్టారు. మన పిల్లలు అక్కడి పిల్లలకు ఎందులోనూ తీసిపోరు కాబట్టి అదే కొలత మనకూ ఉండాలి. మా కేంద్రంలో మొదట 11తో గుణించడం, తరువాత 5తో ముగిసే సంఖ్యల వర్గాలు, ఆ తరువాత 100కు దగ్గరగా ఉన్న సంఖ్యల గుణకారం, ఇలా వరుసగా రోజూ స్టాప్‌వాచ్ పెట్టి సాధన చేయిస్తాం. 85 వర్గం ఎంత అని అడిగితే, 8ని దాని తరువాతి 9తో గుణిస్తే 72, పక్కన 25 చేర్చితే 7225 అని మా పిల్లలు ప్రశ్న పూర్తికాకముందే చెబుతారు.

ఉపాధ్యాయిని: ఆ చిట్కాలో తప్పేమీ లేదండీ, నేనూ తరగతిలో చెబుతాను. అయితే అది ఎందుకు పనిచేస్తుందో...

శిక్షకుడు: (అడ్డుపడుతూ) చెబుతారు మేడమ్, కానీ సాధన చేయించరు. తేడా అంతా అక్కడే ఉంది. పోటీలో నెగ్గించేది సాధన ఒక్కటే.

సంచాలకుడు: ఒక్క క్షణం. టీచర్ గారూ, వేద గణితం పాఠ్యపుస్తకంలో ఉంటే మీ పిల్లలు కూడా నెగ్గేవారని మీరు ఒప్పుకుంటారా?

ఉపాధ్యాయిని: నా అభ్యంతరం చిట్కాల మీద కాదు, వాటిని నేర్పే తీరు మీద. మా బడిలో జరిగిన ఒక విషయం చెబుతాను. 97ను 96తో గుణించాలంటే, 100కు మొదటిది 3 తక్కువ, రెండోది 4 తక్కువ. 97లో 4 తీసేస్తే 93, మూడు నాలుగులు 12, జవాబు 9312. దీనిని ఎక్కడో నేర్చుకుని వచ్చిన ఒక అబ్బాయి 73ను 68తో గుణించమంటే అదే దారిన పోయాడు. లోటు 27, 32. 73లో 32 తీసేస్తే 41. 27ను 32తో గుణిస్తే 864. ఇక్కడి వరకు ఒక్క అంకె కూడా తప్పు లేదు. కానీ 41 పక్కన 864 పెట్టి 41864 అని రాశాడు. ఆ 41 వందల స్థానంలో ఉందని, 4100కు 864 కలిపితే 4964 వస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదు. డెబ్బైని డెబ్బైతో గుణిస్తేనే 4900 కదా, నలభై వేలు దాటిన జవాబు ఎలా వస్తుందన్న అనుమానం కూడా అతనికి కలగలేదు.

శిక్షకుడు: అది సగంలో మానేసిన సాధన ఫలితం. మా దగ్గర అయితే తొమ్మిదుల తనిఖీ నేర్పుతాం. జవాబులోని అంకెలు కూడితే తప్పు వెంటనే దొరికిపోతుంది.

ఉపాధ్యాయిని: దొరకదండీ. 73లోని అంకెల మొత్తం 10, ఆ అంకెలనూ కూడితే 1. 68లో 14, అంటే 5. 1ని 5తో గుణిస్తే 5, కాబట్టి లబ్ధానికి కూడా 5 రావాలి. అసలు జవాబు 4964లో అంకెలు కూడితే 23, అంటే 5. ఆ అబ్బాయి రాసిన 41864లో కూడా మొత్తం 23, అంటే 5. ఆ తనిఖీ రెండింటినీ సరైనవనే అంటుంది.

ఆచార్యుడు: అవును, తప్పక అంటుంది. 41ని వంద రెట్లు చేయడానికి బదులు వెయ్యి రెట్లు చేశాడు. ఆ రెండింటికీ తేడా 41 తొమ్మిదివందలు, అది 9తో నిశ్శేషంగా భాగించబడుతుంది. స్థానం తప్పినప్పుడు, అంకెలు తారుమారైనప్పుడు తొమ్మిదుల తనిఖీకి ఏమీ కనిపించదు. 4964ను 4694గా రాసినా అది పట్టుకోలేదు.

శిక్షకుడు: (గొంతు పెంచి) ఒక్క అబ్బాయి చేసిన ఒక్క లెక్కను చూపించి మొత్తం విద్యనే తప్పంటే ఎలా? తొమ్మిదుల తనిఖీతోపాటు పదకొండ్ల తనిఖీ కూడా ఉంది. అన్నిటికీ మందు ఉంది, అది సాధన. నేను మళ్లీ చెబుతున్నాను, సాధన లేని చోటనే ఈ మాటలన్నీ పుట్టుకొస్తాయి.

(11తో భాగిస్తే మిగిలే శేషాలను పోల్చి చూసే పదకొండ్ల తనిఖీ ఈ తప్పును పట్టుకుంటుంది. కానీ ఎలా పట్టుకుంటుందో ఆయన చెప్పలేదు, సంచాలకుడు అడగలేదు. చర్చ మొత్తంలో పిల్లలకు నేరుగా ఉపయోగపడగల చోటు ఇది.)

సంచాలకుడు: ఆచార్యులవారూ, ఈ సూత్రాలు అథర్వవేదంలో ఉన్నాయని అంటారు. మన సంపద మీద మనకే నమ్మకం తగ్గిపోయిందంటారా?

ఆచార్యుడు: నమ్మకానికీ ఆధారానికీ తేడా ఉంది. ఇవాళ వేద గణితం పేరుతో చలామణీ అవుతున్న 16 సూత్రాలు పూరీ గోవర్ధన పీఠాధిపతి భారతీకృష్ణ తీర్థులవారి గ్రంథంలోనివి. వారి జీవితకాలం 1884 నుంచి 1960 వరకు. గ్రంథం 1965లో అచ్చయింది. అవి అథర్వవేద పరిశిష్టంలోనివని గ్రంథం చెప్పినా, తెలిసిన పరిశిష్టాలలో ఆ సూత్రాలు కనిపించవని భారతీయ గణిత చరిత్రను క్షుణ్ణంగా చదివిన కృపాశంకర్ శుక్లా వంటి పండితులే తేల్చారు. దానివల్ల ఆ పద్ధతుల విలువ తగ్గదు, అవన్నీ చక్కని బీజగణితమే. తీర్థులవారు సన్యాసానికి ముందు రాజమహేంద్రవరంలోని జాతీయ కళాశాలకు కొంతకాలం ప్రిన్సిపాల్‌గా ఉన్నారు కూడా.

సంచాలకుడు: చూశారా, మన తెలుగు నేలతోనే సంబంధం ఉంది!

ఆచార్యుడు: తెలుగు నేల గణితమే కావాలంటే పావులూరి మల్లన ఉన్నాడు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని ఆయన పదకొండో శతాబ్దంలోనే తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. మహావీరుడు హారాల వంటి గుణకారాలు ఇచ్చాడు. 139ను 109తో గుణిస్తే 15151 వస్తుంది, ఎటు నుంచి చదివినా ఒకటే. పిల్లలు దానిని చూసి ముచ్చటపడి, ఎందుకలా వచ్చిందని తామే అడుగుతారు. ఆ ప్రశ్న పుట్టాలి. అంతే తప్ప...

సంచాలకుడు: అంటే మన పూర్వులకు అన్నీ తెలుసన్నమాట. ఇక రైతు సోదరుల మాట విందాం. మీ అమ్మాయి ఏం చేసింది?

తండ్రి: అయ్యా, మా పిల్లకు లెక్కలంటే ప్రాణం. మా నెల్లూరులో పుట్టి ధాన్యమంటే 850 కిలోలు. కిలో 24 రూపాయలైతే పుట్టి ఎంత అని నేను అడిగితే, వెయ్యికి 24 వేలు, అందులో 150 కిలోలకు 3600 తీసేస్తే 20,400 అని కళ్లం దగ్గర నిలబడి చెబుతుంది. ఎవరూ నేర్పలేదు, తనే అలా విరగ్గొట్టుకుంది. పోటీలో మాత్రం పెద్ద గుణకారం వచ్చినప్పుడు చేతికి మిగిలిన అంకెను మరిచిపోతానేమోనని అంచున చిన్నగా వేసుకుంది. జవాబు సరిగ్గానే ఉంది. సరైన జవాబును కొట్టేశారని పిల్ల రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అయినా లెక్క రావడం వేరు, లెక్క దక్కడం వేరు. తేమ అని, తరుగు అని చెప్పి పుట్టికి ఇన్ని కిలోలు ఎక్కువ తూస్తామని వ్యాపారులు అన్నప్పుడు...

సంచాలకుడు: తరుగు విషయం చాలా ముఖ్యమైనది. పుట్టికి అదనంగా ఎంత తీసుకుంటున్నారు?

తండ్రి: అది ఒక్కో కోతకు ఒక్కో తీరుగా ఉంటుందయ్యా. ధర పడిపోయిన ఏడాది అడిగే దిక్కు ఉండదు...

శిక్షకుడు: (మధ్యలో) అందుకే అంటున్నాను, నోటిలెక్క వస్తే రైతు మోసపోడు! కళ్లం దగ్గర కాగితం, పెన్సిల్ ఉంటాయా? బజారులో ఉంటాయా? ఆయన మాటే నా వాదనను నిలబెడుతోంది.

తండ్రి: నాకు లెక్క రాక తరుగు ఇవ్వడం లేదండీ. ధాన్యం కొనేది వాళ్లే కాబట్టి ఇస్తున్నాను.

శిక్షకుడు: సరే, అది వేరే విషయం. పోటీల సంగతికి వద్దాం. ఎనిమిదో తరగతి పిల్లలు రాసే జాతీయ ఉపకార వేతన పరీక్షలో మానసిక సామర్థ్య విభాగానికి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ పూర్తయ్యే వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. మర్రిపాడు మండలం కృష్ణాపురంలో ఉన్న నవోదయలో ఆరో తరగతి సీటు కావాలంటే అంకగణితంలో 20 ప్రశ్నలు, 30 నిమిషాలు. పేదవాడి బిడ్డకు దారి చూపేవి ఈ పరీక్షలే. గడియారం ఎవరి కోసమూ ఆగదు. వేగం లేని పిల్లవాడికి జ్ఞానం ఉన్నా ఫలితం దక్కదు. ఈ మాట చేదుగా ఉండవచ్చు, కానీ నిజం.

ఉపాధ్యాయిని: ఆ రెండు పరీక్షల్లోనూ చిత్తు లెక్క వేసుకోవచ్చు కదండీ. వేసుకుంటే జవాబు రద్దు చేస్తామని వాటిలో లేదు. మీరు చెప్పిన టెక్సాస్ పోటీలో కూడా ప్రతి పదో ప్రశ్న ఉజ్జాయింపు ప్రశ్నే. అసలు విలువకు 5 శాతం అటూ ఇటూ ఉంటే జవాబును ఒప్పుకుంటారు. అంటే జవాబు సుమారుగా ఎంత ఉండాలో పట్టుకునే నేర్పును అక్కడ పరీక్షిస్తారు. మన పోటీ పత్రంలో అటువంటి ప్రశ్న ఒక్కటీ లేదు. నిషేధాన్ని తెచ్చుకుని ఉజ్జాయింపును వదిలేశారు. ఆ అలవాటే ఉంటే మా అబ్బాయి 41864 రాసేవాడు కాదు.

శిక్షకుడు: ఉజ్జాయింపు కావాలంటే వచ్చే ఏడాది పెడతారు, అదేమంత పెద్ద మాట కాదు. కానీ శకుంతలాదేవి గారు 1980 జూన్ 18న లండన్ ఇంపీరియల్ కళాశాలలో రెండు 13 అంకెల సంఖ్యలను 28 సెకన్లలో గుణించినప్పుడు చిత్తు కాగితం అడిగారా?

సంచాలకుడు: అద్భుతమైన మాట. మన హైదరాబాదు యువకుడు నీలకంఠ భానుప్రకాశ్ కూడా 2020లో మైండ్ స్పోర్ట్స్ ఒలింపియాడ్ మానసిక గణన పోటీలో స్వర్ణం తెచ్చారు. ఇదంతా మన రక్తంలోనే ఉందేమో అనిపిస్తుంది.

ఆచార్యుడు: అసాధారణ ప్రతిభావంతులను చూపి ఆరో తరగతి పిల్లలకు నియమాలు పెట్టకూడదు. గణిత ఒలింపియాడ్ తొలి దశలో 30 ప్రశ్నలకు 3 గంటలు ఇస్తారు. అంతర్జాతీయ స్థాయిలో రోజుకు 3 ప్రశ్నలే, వాటికి నాలుగున్నర గంటలు. అక్కడ ఎన్ని కాగితాలు నింపినా ఎవరూ ఏమీ అనరు, దారి చూపకపోతే మార్కులు రావు. నోటిలెక్క ఆ చదువుకు మెట్టు కావాలి...

శిక్షకుడు: ఒలింపియాడ్ ఎంతమంది రాస్తారు సార్? జిల్లాలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నేను వందల మంది గురించి మాట్లాడుతున్నాను.

ఉపాధ్యాయిని: నేనూ వాళ్ల గురించే మాట్లాడుతున్నాను. మా తరగతిలో రోజూ మొదటి అయిదు నిమిషాలు నోటిలెక్కే. 43ను 37తో గుణించమంటే ఒకరు 40 వర్గంలో 3 వర్గం తీసేసి 1591 అంటారు, మరొకరు 43ను 30తో, 7తో విడివిడిగా గుణించి కలుపుతారు. ఏ దారి ఎందుకు నచ్చిందో చెప్పమంటాను. మొదట్లో నెమ్మదిగా ఉంటారు, తరువాత వేగం దానంతట అదే వస్తుంది. ఫీజు కట్టలేని పిల్లలకు కూడా వస్తుంది. అర్థం కానిది...

శిక్షకుడు: ఫీజు మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను, నా దగ్గర పేద పిల్లలకు రాయితీ ఉంది. అయిదు నిమిషాలతో పోటీలు నెగ్గరు మేడమ్. మా పిల్లలు రోజుకు గంట కూర్చుంటారు. బహుమతులు ఎవరికి వచ్చాయో జాబితా చూడండి.

ఉపాధ్యాయిని: ఆ జాబితా మీద వచ్చిన అభ్యంతరం గురించే కదా ఈ చర్చ?

(ఇక్కడ ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. శిక్షకుడి మాట మాత్రమే స్పష్టంగా వినిపించింది.)

శిక్షకుడు: ...నియమం నియమమే. ఈ రోజు అంచున ఒక అంకె వేస్తే ఊరుకుంటే, రేపు పత్రం నిండా లెక్కలు వేస్తారు. అప్పుడది నోటిలెక్కల పోటీ ఎలా అవుతుంది? సాధన చేసిన పిల్లలకు అన్యాయం జరగదా?

సంచాలకుడు: బలమైన ప్రశ్న. సమయం దగ్గరపడింది. ఆచార్యులవారూ, ఒక్క వాక్యంలో చెప్పండి: వేద గణితాన్ని బడుల్లో తప్పనిసరి చేయాలా, వద్దా?

ఆచార్యుడు: ఆ ప్రశ్నకూ ఈ వివాదానికీ సంబంధం లేదండీ. చిత్తు లెక్క గురించి అడిగితే చెబుతాను.

సంచాలకుడు: సరే, ప్రేక్షకులకు విషయం అర్థమైందనుకుంటున్నాను. సాధన అవసరమని అందరూ ఒప్పుకున్నట్లే కనిపిస్తోంది.

ఉపాధ్యాయిని: సాధన వద్దని ఇక్కడ ఎవరూ అనలేదు. దేనిని సాధన చేయించాలన్నదే...

తండ్రి: అయ్యా, ఒక్క మాట. మా పిల్ల జవాబులు మళ్లీ దిద్దుతారా, లేదా?

సంచాలకుడు: అది నిర్వాహకులు తేల్చాల్సిన విషయం. శిక్షకులు గారూ, ముప్పై సెకన్లలో ముగించండి.

శిక్షకుడు: ముప్పై సెకన్లంటే మా పిల్లలు నాలుగు లెక్కలు చేస్తారు. తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే. నియమాలతో తగాదా పెట్టుకోకుండా, ఈ రోజు నుంచే ఇరవై దాకా ఎక్కాలు, ముప్పై దాకా వర్గాలు కంఠస్థం చేయించండి. 11తో మొదలుపెట్టండి, రోజూ సమయం చూసుకోండి, నిన్నటి కంటే...

సంచాలకుడు: ధన్యవాదాలు. విరామం తరువాత జిల్లా వార్తలు.