ముందు కొలత, తర్వాత శిక్షణ

(విశాఖపట్నంలో పరిశ్రమల హెచ్‌ఆర్ అధికారులు, లేబర్ కాంట్రాక్టర్లు, ఐటీఐ అధ్యాపకులు, షాప్‌ఫ్లోర్ సూపర్‌వైజర్లు కలిసిన సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

గాజువాకలో ఏ టీ కొట్టు దగ్గర కాసేపు నిలబడినా "మావాడు సిక్స్‌జీ వెల్డరండీ" అనే మాట చెవిన పడుతుంది. ఆ మాట అనేటప్పుడు ఆ తండ్రి గొంతులో ఉండే గర్వం మీరూ వినే ఉంటారు. వెల్డింగ్‌తో పరిచయం లేనివాళ్లు కూడా ఈ హాల్లో ఉన్నారు కాబట్టి సిక్స్‌జీ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు. పైపు తిరగదు, వెల్డరే దాని చుట్టూ తిరగాలి. కింద పడుకున్నట్టు వంగి, పక్కకు ఒరిగి, తల పైకెత్తి, ఒకే జాయింట్‌లో అన్ని రకాలుగా రాడ్ నడపాలి. అయ్యాక దానికి ఎక్స్‌రే తీస్తారు, లేదంటే ముక్కలుగా కోసి వంచి చూస్తారు. లోపల లోపం ఉంటే దాగదు.

రిఫైనరీని మరమ్మతుల కోసం ఆపే షట్‌డౌన్‌కి మనుషుల్ని తీసుకునేటప్పుడు కాంట్రాక్టర్ ఆ కుర్రాణ్ణి ఎంతవరకు చదివావని అడగడు. ఏ ఊరని కూడా అడగడు. టెస్ట్ ఇవ్వమంటాడు. ఆ పరీక్షకు అర్థం గాజువాకలోనూ దుబాయ్‌లోనూ ఒకటే. అందుకే మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు ఆ ఒక్క మాట పట్టుకుని సముద్రాలు దాటి వెళ్లి ఇల్లు నిలబెట్టుకున్నారు.

వెల్డర్‌కి ఉన్న ఈ అదృష్టం క్రేన్ కింద సైగలు చేసే రిగ్గర్‌కి లేదు. గోడౌన్‌లో సరుకు సర్దే మనిషికి లేదు. అచ్యుతాపురం గార్మెంట్ యూనిట్లలో రోజంతా కుట్టు మిషన్ మీద కూర్చునే ఆడపిల్లకు లేదు. వాళ్లకు ఎంత పని వచ్చో చెప్పడానికి "పదేళ్ల అనుభవం" అనే మాట తప్ప ఇంకో మాట లేదు. పదేళ్లలో పదేళ్ల పని నేర్చుకున్నారా, ఒక ఏడాది పనినే పదిసార్లు చేశారా అన్నది ఆ మాట చెప్పదు. జాతీయ నైపుణ్య అర్హతల చట్రం, మనందరం ఎన్‌ఎస్‌క్యూఎఫ్ అని పిలుస్తున్నది, ఈ లోటు తీర్చడానికి వచ్చింది. ఈ రోజు దాని గురించి నాకు అనుభవంలో తెలిసింది చెప్తాను.

చరిత్ర క్లుప్తంగా. 2013 డిసెంబర్ 27న దీన్ని నోటిఫై చేశారు. అప్పుడు 10 స్థాయిలు. 2023లో సవరించి 8 స్థాయిలు చేశారు, మధ్యలో రెండున్నర, మూడున్నర లాంటి అర మెట్లు పెట్టారు. 2020 నుంచి దీని బాధ్యత జాతీయ వృత్తి విద్య, శిక్షణ మండలి, అంటే ఎన్‌సీవీఈటీ, చూస్తోంది. పదో తరగతి 3, ఇంటర్ 4, మూడేళ్ల డిగ్రీ 5.5, పీహెచ్‌డీ 8. చదువునీ చేతిపనినీ ఒకే నిచ్చెన మీద నిలబెట్టడం చిన్న విషయం కాదు. పనివాడు ఎప్పుడూ కింద, చదువుకున్నవాడు ఎప్పుడూ పైన అనే పాత అలవాటును ఈ నిచ్చెన ఒప్పుకోదు. ఆ ఒక్క కారణానికే నాకు దీని మీద గౌరవం.

కానీ మెట్ల అంకెల దగ్గరే అందరం ఆగిపోతున్నాం. "మా కోర్సు లెవెల్ ఎంత, మీది ఎంత" అనే చర్చలే ఎక్కువ. నా మటుకు నాకు అసలు సరుకు ఆ మెట్ల కింద ఉంది. ఒక్కో ఉద్యోగాన్ని కొన్ని పనులుగా విడగొట్టి, ఒక్కో పనికీ ఒక వృత్తి ప్రమాణం రాశారు. దాన్ని ఎన్‌ఓఎస్ అంటారు. ఈ పని వచ్చినవాడు చేతులతో ఏమేం చేసి చూపించాలి, బుర్రలో ఏమేం తెలిసి ఉండాలి అని అందులో లైను లైనుగా ఉంటుంది. సిక్స్‌జీ పరీక్ష వెల్డర్‌కి చేసిన మేలు మిగతా పనులకూ చేయాలంటే మనం చదవాల్సింది ఆ లైన్లు.

నేను అవి చదవకుండానే చాలా ఏళ్లు శిక్షణ ఇచ్చాను. ఒకసారి ఒక సంస్థలో ముప్పై మందికి మూడు నెలల వెల్డింగ్ శిక్షణ నడిపాను. ముప్పై మందికీ ఒకే పాఠం, ఒకే టైమ్ టేబుల్. వాళ్లలో సగం మంది అప్పటికే షెడ్లలో పని చేసి వచ్చినవాళ్లు. వాళ్లకు రాడ్ బిగించే హోల్డర్ పట్టుకోవడం దగ్గర్నుంచి చెప్పాను. నాలుగో రోజు నుంచి మెల్లగా రావడం మానేశారు. హాజరు పట్టీలో మాత్రం ఉన్నారు. మిగతా సగం కొత్తవాళ్లు, వాళ్లకు మూడు నెలలు చాలలేదు. చివరికి అందరికీ సర్టిఫికెట్లు అచ్చయ్యాయి, ఫొటో దిగాం. నెల తర్వాత ఒక సూపర్‌వైజర్ ఫోన్ చేసి, "మాస్టారూ, మీ కుర్రాడు నిలువు జాయింట్ కొట్టలేకపోతున్నాడు, మెటల్ అంతా కారిపోతోంది" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు కుర్రాడిది కాదు. అతనికి ఏది రాదో నేను చూడలేదు. కొలత తీసుకోకుండా చొక్కా కుట్టేసి, సరిపోలేదేమని అతన్ని చూసినట్టయింది.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. శిక్షణ మొదలు కాకముందే ఎన్‌ఓఎస్ కాగితం పట్టుకుని ఒక్కొక్కరి పక్కన నిలబడి పని చేయించి చూడటం మొదలుపెట్టాను.

అలా చూసినవాళ్లలో ఒకాయన ఎప్పుడూ గుర్తుంటారు. టెక్కలి దగ్గరి పల్లె. కాంట్రాక్టర్ రిజిస్టర్‌లో ఆయన పద్దెనిమిదేళ్లుగా హెల్పర్. ప్లేట్ ఇచ్చి చేయమన్నాను. రూట్, అంటే జాయింట్ అడుగున వేసే మొదటి వరస, వేసిన తీరు చూసి పక్కనున్న ఇద్దరు వెల్డర్లు తమ పని ఆపి వచ్చి నిలబడ్డారు. అంత శుభ్రంగా వేశారు. కాగితం మీద ఒక్కో లైనూ టిక్ పెట్టుకుంటూ వెళ్లాను. చివరికి డ్రాయింగ్ ఇచ్చి, ఈ జాయింట్‌కి ఏ వెల్డ్, ఎంత సైజు చెప్పమన్నాను. ఆయన చేతిలో కాగితం అలాగే పట్టుకుని, "బాబూ, పనేటో నోటితో సెప్పండి సేత్తాను. ఈ బొమ్మలు నాకు తెల్దు" అన్నారు.

ఆయనకు రానిది అదొక్కటే. డ్రాయింగ్ మీద వెల్డ్ గుర్తులు, వెల్డింగ్ విధానం రాసిన డబ్ల్యూపీఎస్ కాగితం. ఆ ఒక్క అడ్డం వల్ల పద్దెనిమిదేళ్లు హెల్పర్ జీతం. ఆయన్ను మూడు నెలల క్లాసులో కూర్చోబెట్టి ఉంటే నాలుగో రోజే వెళ్లిపోయేవారు. షిఫ్ట్ అయ్యాక రోజుకు గంట చొప్పున మూడు వారాలు గుర్తులు చదవడం మాత్రమే నేర్పాం. వాళ్ల అమ్మాయి ఇంటర్ చదివేది. ఇంటి దగ్గర ఆ పిల్ల పాఠం అప్పజెప్పించుకునేదట. తర్వాత టెస్ట్ పాసై వెల్డర్‌గా గేట్ పాస్ తీసుకున్నారు.

అందుకే ఈ చట్రాన్ని శిక్షణ అయ్యాక కొట్టే ముద్రలా కాకుండా, శిక్షణకు ముందు పట్టుకునే టేపులా వాడమని అడుగుతున్నాను. ఎవరికి ఏది వచ్చో, ఏది రాదో ముందు తెలిస్తే, రానిది మాత్రమే నేర్పొచ్చు. కంపెనీకి డబ్బూ రోజులూ మిగులుతాయి, మనిషికి మర్యాద మిగులుతుంది.

ఇంకో సంగతి. ప్రమాణం దేశమంతటికీ ఒకటే రాశారు, కానీ మనం సముద్రం ఒడ్డున ఉన్నాం. వెల్డింగ్ రాడ్లను సరిగా భద్రపరచాలని ప్రమాణాల్లో ఒక లైను ఉంటుంది. చదివితే మామూలు మాటలా కనిపిస్తుంది. విశాఖలో అది ప్రాణం లాంటి లైను. మనం ఎక్కువగా వాడే 7018 రాడ్ చూడండి. ఆ నంబర్‌లో 70 అంటే చదరపు అంగుళానికి 70 వేల పౌండ్ల బలం, 1 అంటే అన్ని భంగిమల్లోనూ వాడొచ్చని, 8 అంటే దాని పూత రకం, హైడ్రోజన్ తక్కువగా ఉండేది. ఈ పూత గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తడిసిన రాడ్‌తో కొడితే ఆ తేమలోని హైడ్రోజన్ జాయింట్‌లోకి పోతుంది. అప్పటికి బాగానే కనిపిస్తుంది. గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి, పగులు వస్తుంది. అందుకే రాడ్లను ఓవెన్‌లో వేడి చేసి, పని దగ్గర చిన్న హీటర్ డబ్బాలో ఉంచుకుని ఒక్కొక్కటే తీయాలి. ఆగస్టులో సింధియా వైపు గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. చొక్కా ఆరదు. ఆ గాలిలో పొద్దున విప్పిన రాడ్ ప్యాకెట్‌ని సాయంత్రం వరకు నేల మీద వదిలేసే షెడ్లు నేను చూశాను. పొడి ప్రాంతంలో ఒక మార్కు పోయే తప్పు ఇక్కడ జాయింట్‌నే పోగొడుతుంది. కాబట్టి జాతీయ ప్రమాణాన్ని తెచ్చుకున్నాక, ఇందులో మన ఊరికి ఏ లైన్లు బరువైనవో మనమే గుర్తు పెట్టుకోవాలి. పరవాడ ఫార్మా యూనిట్లలో ద్రావకాలతో పని చేసేవాళ్లకు ఆ లైన్లు వేరు, పోర్టులో లోడ్ కింద తిరిగేవాళ్లకు వేరు. ఆ పని ఢిల్లీలో కూర్చున్నవాళ్లు చేయలేరు, ఈ హాల్లో ఉన్నవాళ్లే చేయాలి.

భాష గురించి కూడా చెప్పాలి. నా చేతికి వచ్చిన ప్రమాణాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. చదవాల్సిన మనిషికి చదవడం రాని భాషలో ఉంటే అది ఎవరి కోసం? మేం కొన్నింటిని తెలుగులో రాసుకున్నాం. మొదటిసారి గ్రాంథికంగా రాశాం. షెడ్‌లో చదివి వినిపిస్తే ఒక్కరికీ అర్థం కాలేదు. వెల్డ్ అంచున పడే గాడిని అండర్‌కట్ అనే ఉంచాలి, పైన వేసే చివరి వరసను క్యాపింగ్ అనే ఉంచాలి. వాక్యం తెలుగు, పనిలో పదం మాత్రం పనివాళ్లు పలికేది. రెండోసారి అలా రాశాక, "ఇది నాకొచ్చు, ఇది రాదు" అని వాళ్లే వేలు పెట్టి చూపించారు.

ఇప్పుడు యాజమాన్యాలకూ కాంట్రాక్టర్లకూ ఒక కష్టమైన మాట. కనీస వేతనాల లెక్కలో అన్‌స్కిల్డ్, సెమీ స్కిల్డ్, స్కిల్డ్, హైలీ స్కిల్డ్ అని వర్గాలు ఉన్నాయి. మనిషి స్కిల్డ్ పని చేస్తుంటాడు, రిజిస్టర్‌లో అన్‌స్కిల్డ్‌గా ఉంటాడు. కొలత తీసి, స్థాయి తేలాక కూడా ఆ గడి మార్చకపోతే రెండోసారి కొలతకు ఎవరూ రారు. రావాల్సిన అవసరం కూడా లేదు. "నేర్పితే వెళ్లిపోతారు మాస్టారూ" అని నాతో చాలామంది అన్నారు. కొందరు వెళ్తారు, నిజమే. నేర్పకపోతే ఉండిపోయేవాడు పాతికేళ్లు అదే తప్పు చేస్తూ ఉంటాడు. వెళ్లినవాణ్ణి చూసి ఇంకో పదిమంది మీ గేటు దగ్గరికి వస్తారు, ఇక్కడ చేరితే పని వస్తుందని.

పాత పనివాళ్లకు ఆర్‌పీఎల్ అనే దారి ఉంది, అంటే అప్పటికే ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి గుర్తించడం. చాలా మంచి ఆలోచన. కానీ ఫంక్షన్ హాల్లో కుర్చీలు వేసి ప్రశ్నలు అడిగితే చేతిపని తెలియదు. ఆ మనిషి రోజూ నిలబడే చోట, తన మిషన్ మీద చేయించి చూడాలి. చూసే మనిషి, నేర్పిన మనిషి ఒకరే కాకూడదు. నా విద్యార్థికి నేను మార్కులు వేస్తే నా చెయ్యి మెత్తగా ఉంటుంది, నాకు తెలుసు.

అప్రెంటిస్‌ల విషయం మీకు తెలిసిందే. 30 మంది, ఆపైన ఉన్న సంస్థ తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలని నిబంధన. తీసుకుంటున్నారు కూడా. ఆ పిల్లలు స్టోర్‌లో లెక్కలు రాస్తూ ఏడాది గడిపేయకుండా ఉండాలంటే, చేరిన రోజే వాళ్ల చేతికి ఎన్‌ఓఎస్ లైన్ల పట్టీ ఇవ్వండి. ఏ లైను ఏ రోజు నేర్చుకున్నాడో పిల్లవాడే రాసుకుంటాడు, సూపర్‌వైజర్ సంతకం పెడతాడు. దీనికి సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు, లాంగ్ నోట్‌బుక్ చాలు.

మన రాష్ట్రంలో 2024లో మంగళగిరిలో పైలట్‌గా నైపుణ్య గణన మొదలుపెట్టారు. ఎవరికి ఏం వచ్చో అడిగి రాసుకునే ప్రయత్నం, మంచిదే. ఇంటికి వచ్చి అడిగితే టెక్కలి ఆయన ఏం చెప్పి ఉండేవారో ఊహించండి. "హెల్పర్‌నండి" అనేవారు. పద్దెనిమిదేళ్లుగా ఆయనకు అలాగే చెప్పారు మరి. ఆయనకు వచ్చిన పని ఆయన నోటితో బయటికి రాదు. ప్లేటు మీద రాడ్ నడిపితేనే కనిపిస్తుంది.

బయట బల్ల మీద ఆర్క్ వెల్డర్ ప్రమాణానికి మేం రాసుకున్న తెలుగు పట్టీ జిరాక్స్‌లు ఉన్నాయి. రిగ్గర్‌ది సగం అయింది. క్రేన్ సైగలకు మన ఖలాసీలు, అంటే బరువులు ఎత్తి దించే పనివాళ్లు, వాడే మాటలు కొన్ని మాకు దొరకలేదు. పోర్టు నుంచి వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఇక్కడ కనిపిస్తున్నారు. వెళ్లే ముందు పది నిమిషాలు ఆ బల్ల దగ్గర కూర్చుని, ఖాళీగా ఉన్న గడుల్లో ఆ మాటలు రాసిపెట్టండి. పెన్నులు అక్కడే ఉన్నాయి.