పది ఓట్ల మేయర్

అందరికీ నమస్కారం. ఇవాళ ఒక ఊరి ఎన్నిక గురించి మాట్లాడుకుందాం. అమెరికాలో వెర్మాంట్ అని చిన్న రాష్ట్రం, అందులో షాంప్లేన్ సరస్సు ఒడ్డున బర్లింగ్టన్ అనే ఊరు, అప్పట్లో జనాభా నలభై వేలు కూడా లేదు. 1981 మార్చిలో అక్కడ మేయర్ ఎన్నికలు జరిగాయి. అక్కడ మేయర్‌ని జనమే నేరుగా ఓటేసి ఎన్నుకుంటారు.

సిట్టింగ్ మేయర్ గోర్డన్ పాకెట్, డెమొక్రాట్, అప్పటికే ఐదుసార్లు గెలిచిన మనిషి. రిపబ్లికన్లయితే అసలు అభ్యర్థినే పెట్టలేదు, ఎలాగూ ఆయనే గెలుస్తాడని అందరి లెక్క. ఎదురుగా నిలబడ్డది బెర్నీ శాండర్స్, 39 ఏళ్లు, ఇండిపెండెంట్. అంతకుముందు ఓ చిన్న పార్టీ తరఫున గవర్నర్‌కీ సెనేట్‌కీ కలిపి నాలుగుసార్లు పోటీ చేసి నాలుగుసార్లూ ఓడిపోయాడు, 1976లో వచ్చిన 6 శాతమే అన్నిట్లోకీ ఎక్కువ.

మరి ఈసారి ఎందుకు నిలబడ్డాడంటే, రిచర్డ్ షుగర్‌మన్ అని ఒక ప్రొఫెసర్ ఫ్రెండ్ పాత ఓట్ల లెక్కలు ముందేసుకుని చూసి, రాష్ట్రమంతా ఓడిపోయినా ఈ ఊళ్లో, అందులోనూ కూలినాలీ చేసుకునేవాళ్లుండే వార్డుల్లో నీకు ఓట్లు బాగానే పడ్డాయి కదా, ఇక్కడే నిలబడు అన్నాడు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఇదే, ఎందుకంటే ఓడిపోయినవాడి ఓట్లు ఎవరూ చూడరు, ఆయన మాత్రం వార్డు వార్డుకీ చూశాడు.

ఇక శాండర్స్ ఇల్లిల్లూ తిరిగాడు. తక్కువ అద్దె ప్రభుత్వ ఇళ్లలో ఉండేవాళ్ల తలుపులు తట్టాడు, ఇళ్ల పన్ను పెంచుతానని మేయర్ అంటే వద్దన్నాడు, సరస్సు ఒడ్డున డబ్బున్నవాళ్లకి పెద్ద బిల్డింగులు కడతామంటే ఆ ఒడ్డు ఊరందరిదీ అన్నాడు. చివర్లో పోలీసు యూనియన్ కూడా ఆయనకే సపోర్ట్ చేసింది, అది ఎవరూ ఊహించలేదు. దానికితోడు పాకెట్ మీద అలిగిన ఇంకో డెమొక్రాట్ విడిగా నిలబడి కొన్ని ఓట్లు చీల్చాడు, ఆ సంగతీ చెప్పుకోవాలి.

రీకౌంటింగ్ అయ్యాక తేలిన శాండర్స్ మెజారిటీ 10 ఓట్లు. పదంటే పదే! ఓ రెండు మూడు కుటుంబాలు ఆ రోజు ఇంట్లో కూర్చునుంటే ఫలితం తిరగబడేది.

అయితే గెలుపు ఒకటి, పాలన ఇంకొకటి. ఊరి కౌన్సిల్‌లో 13 మంది ఉంటే ఆయన వైపు ఉన్నది ఇద్దరే. ఆయన పెట్టుకున్న సెక్రటరీని తీసేశారు, ఆఫీసర్లుగా ఎవర్ని వేసుకుంటానన్నా కౌన్సిల్ ఒప్పుకోలేదు, దాంతో మొదటి ఏడాదంతా పాత మేయర్ మనుషులతోనే నెట్టుకురావాల్సొచ్చింది. వేరేవాళ్లయితే రాజీ పడిపోయేవాళ్లేమో, ఆయన మాత్రం జీతం లేకుండా పనిచేసే వాలంటీర్లని చుట్టూ పెట్టుకుని పని నడిపించాడు, నేరుగా జనం దగ్గరికెళ్లి మీరే చూడండి వీళ్లు ఏం ఆపుతున్నారో అని చెప్పాడు. 1982 కౌన్సిల్ ఎన్నికల్లో జనం ఆయన వైపువాళ్లని ఇంకొందరిని గెలిపించారు, అప్పట్నుంచి కాస్త ఊపిరాడింది.

1983లో మళ్లీ మేయర్ ఎన్నిక వచ్చేసరికి డెమొక్రాట్లూ రిపబ్లికన్లూ ఇద్దరూ గట్టిగా అభ్యర్థుల్ని దింపారు. ఈసారి రీకౌంటింగ్ అవసరం పడలేదు, శాండర్సే గెలిచాడు, ఆ తర్వాత 1985లోనూ 1987లోనూ కూడా.